విచారింపక తీర్పు చెప్పరాదు: వెలుగని కొత్త కంప్యూటరు

(పల్నాటి సీమలోని గ్రామ పంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగపాఠము)

పంచాయతీ సభ్యుల సమావేశములో కంప్యూటరు మరమ్మతును గురించి ప్రసంగించుట యేమిటని మీలో కొందరికి తోచవచ్చును. రోడ్లు, మురుగు కాలువలు, మంచినీటి కుళాయిలు, వీధి దీపములు, ఇవి మన పనులు గాని, యంత్రములను బాగుచేయుట పట్టణములోని దుకాణదారుని పని గదా యని అనుకొనవచ్చును. 1959లో మన రాష్ట్రమున పంచాయతీ రాజ్య వ్యవస్థ ఏర్పడిన నాడు ఆ మాట నిజమే. ఆనాడు పంచాయతీ కార్యాలయమునకు ఒక బల్ల, ఒక ఇనుప బీరువా, నాలుగు రిజిస్టర్లు ఉన్న చాలును. కాలము మారినది. 2019లో గ్రామ సచివాలయములు వచ్చినవి. 2020 ఏప్రిల్ 24వ తేదీన జాతీయ పంచాయతీ రాజ్ దినోత్సవము నాడు ఇ-గ్రామ స్వరాజ్ అను ఏర్పాటు ప్రారంభమై, పంచాయతీ ప్రణాళికలు, జమాఖర్చులు కంప్యూటరులోనికి ఎక్కినవి. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రముగా పల్నాడు జిల్లా ఏర్పడునాటికి, కాగితము మీద మాత్రమే నడచు కార్యాలయము అరుదైపోయినది.

కార్యాలయముల మాట అటుంచుడు. నేడు మన పిల్లలు విడిభాగములు తెచ్చుకొని తమ యింటిలోనే కంప్యూటరును కూర్చుకొనుచున్నారు. ఇది సంతోషింపదగిన విషయము. అయితే కూర్చిన కంప్యూటరు బటను నొక్కగానే వెలుగకపోయినప్పుడు ఆ యింటిలో జరుగు రభస నేను చూచితిని. ఆ ముచ్చటతోనే ప్రారంభించెదను.

గురజాల దగ్గర ఒక గ్రామములో మా చెల్లెలి కాపురము. మిరప పంట అమ్మిన సొమ్ములో కొంత తీసి మా బావగారు కుమారునికి కంప్యూటరు భాగములు కొనియిచ్చినారు. పిల్లవాడు రెండు రాత్రులు మేలుకొని, పుస్తకము చూచుకొనుచు అన్నిటిని అమర్చినాడు. బంధువులందరును చుట్టును నిలిచియుండగా బటను నొక్కినాడు. ఫ్యాను తిరుగలేదు. దీపము వెలుగలేదు. మరల మరల నొక్కినాడు. ఉలుకు లేదు, పలుకు లేదు. "వద్దురా అంటే విన్నావా? షాపులో బిగించినది తెస్తే ఈ గొడవ ఉండేది కాదుగా" అని తండ్రి కోపగించినాడు. ఒక మెకానిక్కు వచ్చి తానును బటను నొక్కి చూచి, "బోర్డు కాలిపోయింది, కొత్తది వేయాలి" అని చెప్పి వెళ్లినాడు. కొత్త బోర్డు తెచ్చి బిగించినారు. అదియు పలుకలేదు. "రెండోది కూడా తగలబెట్టావు" అను నింద పిల్లవాని మీద పడినది. ఆనాటి నుండి వాడు స్క్రూడ్రైవరును చేత పట్టుట మానివేసినాడు. ఆ కథ యెట్లు ముగిసినదో తరువాత మనవి చేసెదను.

కాలువ వెంబడి నడచిన రైతు వలె

మనది నాగార్జునసాగరు కుడికాలువ క్రింది సీమ. 1955 డిసెంబరు 10న ఆ ప్రాజెక్టునకు శంకుస్థాపన జరిగినది. 1967లో కాలువలకు నీరు వదలినారు. అప్పటి నుండి కాలువ చివరి భూముల రైతునకు తెలిసిన విద్య యొకటి కలదు. తన పొలమునకు నీరు రానప్పుడు అతడు ప్రాజెక్టునకు పగులు పట్టినదని కేకలు వేయడు. గట్టు వెంబడి నడచి పోవును. మేజరులో నీరు ఉన్నదా? ఉన్నది. మైనరు తూము ఎత్తియున్నదా? ఎత్తియున్నది. పంట బోదెలో నీరు పారుచున్నదా? పారుటలేదు. అయినచో తూమునకు, బోదెకు నడుమ ఎక్కడనో అడ్డు కలదు. పోయి చూడగా ఒక మట్టిపెళ్లయో, ముళ్లకంపయో కనబడును.

కంప్యూటరు వెలుగనప్పుడును చేయవలసినది ఇంతే. విద్యుత్తు గోడలోని సాకెట్టు వద్ద బయలుదేరి, తీగ గుండా పోయి, పెట్టెలోని ఎస్.ఎం.పి.ఎస్. అను భాగమున రూపు మార్చుకొని, అక్కడి నుండి మదర్‌బోర్డునకును, ప్రాసెసరునకును పారుచున్నది. పైనుండి క్రిందికి, ఒక్కొక్క తూమునే చూచుకొనుచు పోవలెను. ఒక మారు ఒక్కదానినే మార్చి, ఫలితము చూచి, కాగితము మీద వ్రాసికొనవలెను. ఒకేసారి నాలుగింటిని కదిపినచో, పని జరిగినను దేనివలన జరిగినదో తెలియదు. ఇది పంచాయతీ పెద్దలకు కొత్త విషయము కాదు. సాక్షులను ఒక్కొక్కరినే విచారించుట మీకు తెలిసినదే.

మొదట వ్యాధిని గుర్తించుడు

"కంప్యూటరు ఆన్ కావడం లేదు" అను ఒకే మాటలో మూడు వేర్వేరు వ్యాధులు దాగియున్నవి. మొదటిది: బటను నొక్కినప్పుడు ఫ్యాను గాని, దీపము గాని బొత్తిగా కదలకుండుట. రెండవది: ఫ్యాను ఒక క్షణము తిరిగి ఆగిపోవుట, లేక తిరుగుచు ఆగుచు ఉండుట. మూడవది: ఫ్యాను చక్కగా తిరుగుచున్నను తెర మీద బొమ్మ రాకుండుట. మొదటి దానిలో దోషము సాధారణముగా విద్యుత్తు దారిలోనో, బటనులోనో ఉండును. రెండవ దానిలో ఎక్కడనో తీగలు కలిసిపోవుట గాని, ప్రాసెసరునకు శక్తి అందకుండుట గాని, ప్రాసెసరు వేడెక్కుట గాని ఉండును. మూడవ దానిలో ర్యాము, తెర తీగ, గ్రాఫిక్సు కార్డు వీనిని అనుమానింపవలెను. మెకానిక్కును పిలుచుటకు ముందు ఈ మూడింటిలో ఏది జరుగుచున్నదో వ్రాసికొన్నవానికి సగము పని అయినట్లే.

గోడ నుండి పెట్టె వరకు

సాకెట్టులో కరెంటు ఉన్నదా యని టెస్టరు పెట్టి చూచుట మన అలవాటు. టెస్టరు వెలుగుట వలన ఫేజు ఉన్నదని మాత్రమే తెలియును. న్యూట్రలు తీగ తెగియున్నను టెస్టరు వెలుగును. కావున అదే సాకెట్టులో ఒక టేబుల్ ల్యాంపునో, ఫ్యానునో పెట్టి చూచుటయే మేలు. సాకెట్టు స్విచ్చి, ఎం.సి.బి., జంక్షను బాక్సు, యు.పి.ఎస్. వీనిని వరుసగా పరీక్షింపవలెను. అనుమానము వచ్చినచో జంక్షను బాక్సును, యు.పి.ఎస్.ను తప్పించి, తీగను నేరుగా గోడ సాకెట్టునకే పెట్టి చూడవలెను. మన ఇండ్లకు రావలసిన కరెంటు 230 వోల్టులు. ట్రాన్స్‌ఫార్మరునకు దూరముగానున్న ఇండ్లలో మోటార్లు ఆడు వేళ అది బాగుగా తగ్గిపోవుట మీరెరుగుదురు. పగలు వెలుగని యంత్రము రాత్రి పొద్దుపోయిన పిమ్మట వెలిగినచో దోషము యంత్రములో లేదని గ్రహింపవలెను.

తరువాత తీగ. పెట్టె వెనుక దూర్చు తీగ కొన సగము దిగియుండి, చూచుటకు పూర్తిగా దిగినట్లే కనబడును. గట్టిగా నొక్కవలెను. చాల మానిటర్లకు సరిగ్గా అదే రకపు తీగ ఉండును. దానిని తీసి ఇక్కడ పెట్టి చూచినచో తీగ మంచిదో చెడ్డదో ఒక నిమిషములో తేలిపోవును.

తరువాత పెట్టె వెనుక, ఎస్.ఎం.పి.ఎస్. మీద ఒక చిన్న స్విచ్చి ఉండును. దాని మీద ఒక ప్రక్క నిలువు గీత, ఒక ప్రక్క సున్న ఉండును. గీత ప్రక్క నొక్కియున్నచో తెరచినట్లు, సున్న ప్రక్క నొక్కియున్నచో మూసినట్లు. కొత్తగా కూర్చినవారు మరచు వానిలో ఇది మొదటిది. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతయు వెదకినట్లు, ఈ స్విచ్చిని వేయక పెట్టెనంతయు విప్పినవారు కలరు. కొన్ని పాత ఎస్.ఎం.పి.ఎస్.ల మీద 115, 230 అను అంకెలు గల ఎర్రని మీట కూడ ఉండును. మన దేశమున అది ఎల్లప్పుడును 230 వద్దనే ఉండవలెను. 115 వద్ద ఉంచి కరెంటు ఇచ్చినచో ఢామ్మని ప్రేలి లోపలి భాగములు కాలిపోవును. కొత్తవానిలో చాలవరకు ఈ మీట ఉండదు.

పెట్టె తెరచుటకు ముందు

ఇప్పుడు పెట్టె తెరువవచ్చును. ముందుగా గోడ నుండి ప్లగ్గును పూర్తిగా ఊడదీయవలెను. స్విచ్చి కట్టిన చాలదు. ఊడదీసిన పిమ్మట ముందరి బటనును కొన్ని సెకండ్లు నొక్కి పట్టినచో లోపల మిగిలిన విద్యుత్తు చాలవరకు పోవును. తడి చేతులతోను, తడి నేల మీదను పని చేయరాదు. చేతిలోని స్థిర విద్యుత్తు సూక్ష్మ భాగములను చెడగొట్టగలదు గావున, మధ్య మధ్య పెట్టె యొక్క రంగు లేని ఇనుప భాగమును తాకుచుండవలెను.

ఎస్.ఎం.పి.ఎస్. డబ్బాను మాత్రము ఎట్టి పరిస్థితిలోను విప్పరాదు. 230 వోల్టుల కరెంటును అది లోపల 300 వోల్టులకు పైబడిన ఏకముఖ విద్యుత్తుగా మార్చి కెపాసిటర్లలో నిలువచేయును. ప్లగ్గు ఊడదీసిన తరువాత కూడ అది కొంతకాలము అక్కడ నిలిచియుండి ప్రాణము తీయగలదు. చెడిన ఎస్.ఎం.పి.ఎస్.ను మార్చుటయే గాని, ఇంటిలో బాగుచేయుట లేదు. ఈ మాటను మీ గ్రామములోని ప్రతి పిల్లవానికిని చెప్పుడు.

పెట్టె లోపలి తూములు

ఎస్.ఎం.పి.ఎస్. గోడ కరెంటును 12, 5, 3.3 వోల్టుల చిన్న ధారలుగా విడదీసి లోపలి భాగములకు పంచును. ఈ అమరికకు మూలమైన ఏ.టి.ఎక్స్. అను పద్ధతి 1995లో వచ్చినది. అందులో నుండి వచ్చు తీగలలో రెండు ముఖ్యమైనవి. వెడల్పుగా 24 రంధ్రములు గలది మదర్‌బోర్డు ప్రక్కన దిగవలెను. 8 రంధ్రములు గల చిన్నది, కొన్నిట 4 రంధ్రములది, బోర్డు పై మూలన ప్రాసెసరు దగ్గర దిగవలెను. ఈ రెండవ దానిని మరచినవారు అసంఖ్యాకులు. మేజరుకు నీరు వదలి పంట బోదె తూము ఎత్తకుండుట వంటిదే ఇది. ప్రాసెసరు తీగయు, గ్రాఫిక్సు కార్డు తీగయు చూచుటకు ఒకే తీరున ఉండును గాని లోపలి అమరిక వేరు. దిగని దానిని బలవంతముగా దింపరాదు. సరియైనది దిగినప్పుడు కొక్కెము టక్కుమని పడును. ఆ శబ్దము వినవలెను.

కొన్ని ఎస్.ఎం.పి.ఎస్.లకు తీగలు విడిగా వచ్చును. ఒక కంపెనీ తీగలను ఇంకొక కంపెనీ డబ్బాకు పెట్టరాదు. కొనలు సరిపోయినను లోపల వోల్టుల వరుస వేరుగా ఉండి భాగములు కాలిపోవును. ఇరుగుపొరుగున అరువు తెచ్చినప్పుడు డబ్బాను, దాని తీగలను కలిపియే తేవలెను.

ఇక బటను. పెట్టె ముందు మనము నొక్కు బటను విద్యుత్తును స్వయముగా వదలదు. వీధి తలుపు కొట్టిన వానివలె, బోర్డునకు ఒక చిన్న సంజ్ఞ మాత్రమే ఇచ్చును. ఎస్.ఎం.పి.ఎస్. మూసియున్నట్లు కనబడినప్పుడును 5 వోల్టుల చిన్న ధార బోర్డునకు అందుచునే యుండును. బటను నుండి సంజ్ఞ రాగానే బోర్డు ఎస్.ఎం.పి.ఎస్.ను లేపును. ఈ సంజ్ఞ తెచ్చునది రెండు సన్నని తీగలు. వానిని బోర్డు అంచున గల చిన్న సూదుల వరుసలో, పుస్తకములో చూపిన రెండు సూదులకే పెట్టవలెను. ఒక సూది ప్రక్కకు జరిగినను బటను మూగపోవును. దీపపు తీగలకు ముందు వెనుకల భేదము కలదు గాని, బటను తీగలకు లేదు.

మా మేనల్లుని కథ ముగింపు ఇక్కడనే. రెండవ బోర్డు కూడ పలుకలేదని విని నేను వెళ్లితిని. "బావగారూ, రెండు బోర్డులూ ఒకే తీరున చచ్చిపోతాయా?" అని అడిగితిని. ఆయన సమాధానము చెప్పలేదు. ఇద్దరు వేర్వేరు సాక్షులు ఒకే మాట చెప్పినప్పుడు, ఆ ఇద్దరికిని ఉమ్మడిగా ఉన్నదేదో వెదకవలెను గదా. గోడ, తీగ, వెనుక స్విచ్చి, 24 రంధ్రముల తీగ, 8 రంధ్రముల తీగ అన్నియు సరిగానే ఉన్నవి. బటను తీగలను సూదుల నుండి తీసివేసి, స్క్రూడ్రైవరు మొనతో ఆ రెండు సూదులను మాత్రమే ఒక క్షణము కలిపితిని. అక్కడ ఉండునది కొద్దిపాటి వోల్టుల సంజ్ఞయే గావున ప్రమాదము లేదు. అయినను ప్రక్క సూదులను తాకకుండ నిదానముగా చేయవలెను. ఫ్యాను గిర్రున తిరిగినది. దీపము వెలిగినది. తెర మీద అక్షరములు వచ్చినవి.

దోషము బోర్డులో లేదు. పిల్లవాని చేతిలో అసలే లేదు. పెట్టె ముందరి బటనే పుట్టుకతో చెడ్డది. రీసెట్టు బటను తీగలను తీసి ఆ సూదులకు పెట్టితిని. నాటి నుండి ఆ యింటిలో రీసెట్టు బటనుతోనే కంప్యూటరు వెలుగుచున్నది. కాలిపోయినదన్న మొదటి బోర్డును బిగించి చూచితిమి. అదియు భేషుగా నడచినది. రెండవ బోర్డును దుకాణము తిరిగి తీసికొనలేదు.

"రూపాయలు పోయినందుకు కాదు బావా, చూడకుండా పిల్లాణ్ణి అన్నానే అని బాధ" అని మా బావగారు అన్నారు. పిల్లవాడు మాత్రము ఏమియు అనక, స్క్రూడ్రైవరు తీసికొని పెట్టె మూత బిగించుటకు కూర్చుండినాడు. ఆ దృశ్యము నాకు నేటికిని మరపునకు రాదు.

పెట్టె వెలుపల పరీక్ష

సూదులను కలిపినను యంత్రము కదలనిచో, లేక తిరిగి వెంటనే ఆగిపోవుచున్నచో, తీగలు ఎక్కడనో కలిసియున్నవేమో చూడవలెను. మదర్‌బోర్డు పెట్టె ఇనుపరేకును తాకకుండ చిన్న చిన్న ఇత్తడి దిమ్మెల మీద నిలబడును. బోర్డులో రంధ్రము లేని చోట ఒక దిమ్మె మిగిలిపోయినచో, అది బోర్డు వీపును పొడిచి విద్యుత్తును దారి మళ్లించును. జారిపడిన స్క్రూ ఒకటి బోర్డు క్రింద ఇరుక్కొన్నను అంతే. అట్టి సమయములో ఎస్.ఎం.పి.ఎస్. తన్ను తాను కాపాడుకొనుటకై కట్టివేసికొనును. అది దోషము కాదు, దాని తెలివి.

దీనికి తిరుగులేని ఉపాయము ఒకటి కలదు. ప్లగ్గు తీసి, బోర్డును పెట్టె నుండి వెలుపలికి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీదనే పరచవలెను. ప్రాసెసరు, దాని ఫ్యాను, ఒకే ఒక ర్యాము ముక్క, రెండు కరెంటు తీగలు, ఇంతమాత్రమే ఉంచి సూదులను కలిపి చూడవలెను. వెలిగినచో దోషము పెట్టెలోనో, తీసివేసిన భాగములలోనో కలదు. అప్పుడు ఒక్కొక్క భాగమునే చేర్చుచు పోయిన యెడల, ఏది చేర్చినప్పుడు ఆగిపోయినదో అదియే దోషి. అప్పటికిని వెలుగనిచో మిగిలిన అనుమానితులు ఎస్.ఎం.పి.ఎస్., బోర్డు, ప్రాసెసరు, ర్యాము మాత్రమే.

ఎస్.ఎం.పి.ఎస్.ను విడిగా పరీక్షించుటకు మెకానిక్కులు 24 రంధ్రముల కొనలో ఆకుపచ్చ తీగను నల్ల తీగతో కలుపుదురు. ఇది తెలిసినవారు చేయవలసిన పని. అప్పుడు ఫ్యాను తిరిగినను అది బ్రతికియున్నదని తెలియునే గాని, ఆరోగ్యముగా ఉన్నదని తెలియదు. కొన్ని డబ్బాలలో బరువు లేనప్పుడు ఫ్యాను తిరుగనే తిరుగదు. నడచుచున్న ఇంకొక కంప్యూటరు నుండి మంచి ఎస్.ఎం.పి.ఎస్.ను అరువు తెచ్చి పెట్టి చూచుటయే నమ్మదగిన పరీక్ష.

ఫ్యాను తిరిగి బొమ్మ రానిచో

ఇక్కడ మొదటి అనుమానము ర్యాము మీద. రెండు ప్రక్కలను కొక్కెము పడువరకు గట్టిగా నొక్కవలెను. రెండు ముక్కలున్నచో ఒకటి తీసివేసి, పుస్తకములో చెప్పిన గాడిలో ఒక్కదానినే పెట్టి చూడవలెను. రెండవ అనుమానము తెర తీగ మీద. గ్రాఫిక్సు కార్డు వేసినవారు తెర తీగను ఆ కార్డునకే పెట్టవలెను గాని, మదర్‌బోర్డునకు పెట్టరాదు. కొన్ని ప్రాసెసర్లకు బొమ్మ చూపు శక్తి స్వతహాగా ఉండదు. ఇంటెల్ వారి ప్రాసెసర్లలో పేరు చివర ఎఫ్ అను అక్షరము గలవి అట్టివి. వానికి కార్డు లేనిచో తెర ఎన్నటికిని నల్లగానే యుండును.

డి.డి.ఆర్. 5 రకపు ర్యాము గల కొత్త బోర్డులు మొట్టమొదటి మారు వెలుగునప్పుడు ఆ ర్యామును పరిచయము చేసికొనుటకు కొన్ని నిమిషములు కూడ తీసికొనవచ్చును. అంతవరకు తెర నల్లగానే యుండును. తొందరపడి కట్టివేసినవాడు ఆ పనిని మరల మొదటికి తెచ్చినవాడగును. మొదటి మారు ఒక పది నిమిషములు ఓపిక పట్టుడు.

వెలిగి కొలది సేపటికే ఆగిపోవుచున్నచో, ప్రాసెసరు మీది ఫ్యాను సరిగా కూర్చుండినదా, దాని అడుగున అంటించిన పలుచని ప్లాస్టిక్కు పొరను తీసినారా యని చూడవలెను. రెంటచింతల ఎండలు, పిడుగురాళ్ల సున్నపు దుమ్ము, మిరప కల్లాల ఘాటు ధూళి, ప్రత్తి నూగు, ఇవన్నియు మన సీమ యంత్రములకు ప్రత్యేకమైన శత్రువులు. యంత్రమును నేల మీద గాక బల్ల మీద, గోడకు కొంత దూరముగా ఉంచుట మంచిది.

ఎర్తింగు సంగతి

పెట్టెను తాకినప్పుడు చేయి జిల్లుమనుట చాల ఇండ్లలో అనుభవమే. "కంప్యూటరు షాకు కొడుతోంది, చెడిపోయింది" అని భయపడుదురు. ఎస్.ఎం.పి.ఎస్.లో చిల్లర విద్యుత్తును భూమిలోనికి పంపు ఏర్పాటు కలదు. ఇంటికి ఎర్తింగు లేనప్పుడు ఆ విద్యుత్తు పోవుటకు దారి లేక పెట్టె మీదనే నిలుచును. అది మనకు హెచ్చరిక. నేడు జిల్లుమన్న పెట్టె, రేపు లోపల ఏదైన తీగ రేకునకు తగిలినప్పుడు ప్రాణాంతకము కాగలదు. ప్లగ్గులోని పొడవైన మూడవ పుల్ల అలంకారమునకు కాదు. దానిని విరుగగొట్టి రెండు పుల్లల సాకెట్టులో దూర్చుట నేరము వంటిది. పంచాయతీ కార్యాలయమునకును, పాఠశాలకును సరియైన ఎర్తింగు గుంట ఉన్నదా, వేసవిలో అందులో నీరు పోయుచున్నారా యని సభ్యులు స్వయముగా చూడవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

ఇందులో పెద్ద ఖర్చు ఏమియు లేదు. మొదటిది, పంచాయతీకి చెందిన ప్రతి కంప్యూటరునకును రిజిస్టరులో ఒక పుట కేటాయించి, కొన్న తేది, బిల్లు, వారంటీ గడువు, భాగముల సంఖ్యలు వ్రాసి, మదర్‌బోర్డు పుస్తకమును, అట్టపెట్టెలను బీరువాలో భద్రపరచవలెను. వారంటీలోనున్న భాగమునకు సొమ్ము చెల్లించి కొత్తది కొనుట ప్రజల ధనమును వృధా చేయుటయే. రెండవది, యంత్రము ఆగినప్పుడు ఏ దినమున, ఏ వేళ, ఏమి కనబడినదో అదే పుటలో వ్రాయింపవలెను. మూడవది, ఏదైన భాగము చెడినదని చెప్పి కొత్తది వేయుమని ఎవరైన కోరినప్పుడు, ఒక ప్రశ్న తప్పక అడుగవలెను: "దాని స్థానములో మంచిది పెట్టి చూచినారా?" చూపిన పిమ్మటనే బిల్లు మీద సంతకము పెట్టవలెను. నిజాయితీ గల మెకానిక్కు ఈ ప్రశ్నకు సంతోషించును.

నాల్గవది, నిజముగా చెడిన భాగములను పెంటకుప్ప మీద పారవేయుట గాని, రాగి కొరకు తీగలను కాల్చుట గాని చేయనీయరాదు. ఆ పొగ విషము. 2023 ఏప్రిల్ 1 నుండి ఎలక్ట్రానిక్ వ్యర్థముల కొత్త నియమములు అమలులోనికి వచ్చినవి. చెడిన భాగములు నమోదు పొందిన రీసైక్లింగు వారికి చేరునట్లు చూడవలెను. అయిదవది, గ్రామములో ఇట్టి పని తెలిసిన పిల్లలను గుర్తించి, పాఠశాల సెలవులలో ఒక పూట పంచాయతీ కార్యాలయమున కూర్చుండబెట్టి, పది మంది తోటి పిల్లలకు నేర్పునట్లు చేయుడు. ఒక టెస్టరు, ఒక టేబుల్ ల్యాంపు, ఒక స్క్రూడ్రైవరు, ఒక మంచి తీగ ఉన్న చాలును.

సోదర సోదరీమణులారా, మన యిండ్లలోనికి వచ్చిన యంత్రమును చూచి భయపడి పట్టణము వంక చూచుచున్నంత కాలము మనము కొనువారమే గాని, తెలిసినవారము కాము. తప్పు ఎక్కడ ఉన్నదో వెదకుటకు పెద్ద చదువు అక్కరలేదు. క్రమము, ఓపిక, నిష్పక్షపాతము కావలెను. ఈ మూడును పంచాయతీ పెద్దలకు ఉండవలసిన గుణములే. కాలువ గట్టు వెంబడి నడచిన రైతు వలె మొదటి నుండి చివరి వరకు నడచి చూడుడు. ప్రతి తూమును తాకి చూచిన పిమ్మటనే తీర్పు చెప్పుడు. ముఖ్యముగా, బటను నొక్కినప్పుడు దీపము వెలుగనిచో, మొదటి మాటగా పిల్లవానిని నిందింపకుడు. యంత్రమునకు భాగము మార్చవచ్చును. పిల్లవాని ధైర్యము ఒకమారు ఆరిపోయినచో, దానిని వెలిగించు బటను ఏ దుకాణములోను దొరకదు.